పేరు రాయని బాటిల్

సాయంత్రం నాలుగింటికి మహబూబ్ పాషా లిల్లీడేల్ పోలీస్ స్టేషన్‌లో హాజరు కావాలి. అక్కడ అతని మీద కేసు రాయడం ఖాయమని, నన్ను ఈ పనికి పెట్టుకున్న అతని లాయరు పొద్దున్నే చెప్పేసింది. నేను గ్రే వాటిల్ ఎస్టేట్ అనే వైనరీ కార్ పార్కులో బండి ఆపేసరికి ఒంటిగంటా పది. మూడు గంటలు కూడా లేవు. అయినా సరే, సంగతి తేల్చకుండా ఇక్కడినుంచి కదిలేదే లేదనుకుని దిగాను.

పార్కు చివర పాషా మినీ బస్సు ఉంది. ఆదివారం సాయంత్రం పోలీసులు దాన్ని దారిలోంచి వెనక్కి తెప్పించి ఇక్కడ పెట్టించారు, ఈ బుధవారం దాకా కదపొద్దన్నారు. బస్సు పక్కన పాషా చేతులు కట్టుకుని నిలబడ్డాడు. యాభై రెండేళ్ల నంద్యాల మనిషి. మూడు రోజుల్లో నాలుగు కిలోలు తగ్గినట్టున్నాడు. అతని ఎదురుగా, బస్సు మెట్టు మీద ఫైలు పెట్టుకుని హేమచంద్ర.

వాణ్ణి చూడగానే నాకు ఒళ్లు మండింది. హేమచంద్ర కూడా నాలాగే ప్రైవేట్ డిటెక్టివే, ఎస్టేట్‌కి బీమా చేసిన కంపెనీ తరఫున పని చేస్తున్నాడు. బెజవాడలో పుట్టి పదేళ్ల కిందట మెల్బోర్న్ వచ్చాడు. ఇస్త్రీ సూటు, వేలికి ఉంగరం, ఎవరినైనా పరీక్ష తప్పిన పిల్లల్ని చూసినట్టు చూసే చూపు.

"హలో ఆంటీ! హాయిగా మనవల్ని ఆడించుకోకుండా మీకెందుకండీ ఈ కేసులు?"

"నేను నీకు ఆంటీని ఎప్పుడయ్యానయ్యా? శ్యామసుందరి గారూ అను. నోరు తిరక్కపోతే మేడం అను."

ఒంగోల్లో ఫింగర్‌ప్రింట్ విభాగంలో ఇరవై ఎనిమిదేళ్లు వేలిముద్రలు చూసి కళ్లద్దాలు మందం చేసుకున్నదాన్ని నేను. ఇక్కడ లైసెన్స్ పరీక్ష రాసి పాసయ్యాను. ఈ ఊళ్లో ఎవడికీ నా వయసు తప్ప ఇంకేం కనపడదు.

పాషా చేసే పని చూసి నవ్వుకునేవాళ్లు మెల్బోర్న్‌లో చాలామంది. జన్మలో చుక్క నోట్లో పెట్టని మనిషి, ఆరేళ్లుగా తెలుగువాళ్లని యారా వ్యాలీ వైనరీలన్నీ తిప్పుతున్నాడు. వాసన చూసి ఏ గ్లాసులో ఏ ద్రాక్షో చెప్పేస్తాడు. శనివారం మనవాళ్లు సగం మంది మందు ముట్టరు గనక అతని టూర్లన్నీ ఆదివారాలే. భోజనాలయ్యాక ఫ్లాస్కులోంచి ఇరానీ చాయ్ పోస్తాడు. ఆ చాయ్ కోసమే రెండోసారి వచ్చేవాళ్లున్నారు. ఇప్పుడా చాయే అతని మెడకు చుట్టుకుంది.

"ఏదీ, నీ ఫైల్లో ఏముందో చదువు," అన్నాను.

"దాచేదేముంది మేడం, మూడున్నరకి పోలీసులకి ఇచ్చేస్తున్నా." హేమచంద్ర గొంతు సవరించుకున్నాడు. "ఆదివారం తొమ్మిదింటికి బస్ స్టార్ట్ అయింది. పది మంది గెస్టులు, అందులో ఇద్దరు పిల్లలు, దారంతా పాటలు పాడారట. డ్రైవర్ పాషా, ఇంకా గైడ్‌గా ఆయన బామ్మర్ది ఫహద్. మొత్తం పన్నెండు. రెండు వైనరీలు చూసి పన్నెండున్నరకి ఇక్కడికొచ్చారు. లంచ్, టేస్టింగ్. ఒకటీ నలభైకి చాయ్. గెస్టుల్లో విజయభాస్కర్ అనే ఆయన డైటింగ్‌లో ఉన్నాడు, ఆయన ఒక్కడికే షుగర్ లేకుండా సెపరేట్ కప్పులో పోశాడు ఈయన. రెండూ ఇరవైకి బస్ కదిలింది. రెండూ యాభై ఐదుకి, ఘాట్ రోడ్డు మొదట్లో, మా ఆయనకి ఊపిరాడట్లేదని వైఫ్ సృజన కేకలు. బ్లడ్‌లో నిద్రమాత్రలు, హెవీ డోస్, దానికి తోడు వైన్. ఇంకా ఐసీయూలోనే ఉన్నాడు."

"అయితే?"

"అయితే ఏంటండీ! అవే మాత్రలు పాషా గారి మిసెస్ ఫహ్మీదా గారికి డాక్టర్ రాసినవి. ఇంట్లో డబ్బా ఉంది. పొద్దున బస్సులో విజయభాస్కర్‌కీ ఈయనకీ మాటా మాటా వచ్చింది. అన్నిటికన్నా ముఖ్యం, ప్రతి ట్రిప్పులో మొదటి కప్పు చాయ్ తను తాగాకే మిగతావాళ్లకి పోసే మనిషి, ఆదివారం మాత్రం చాయ్ ముట్టలేదు. ఎందుకు ముట్టలేదో మూడు రోజులుగా అడుగుతున్నా, నోరు విప్పడు. చాయ్‌లో ఏముందో తెలిసినవాడే కదా తాగకుండా ఉంటాడు?"

నేను పాషా వైపు చూశాను. అతను కింద కంకరరాళ్లని చూస్తున్నాడు.

"మాటా మాటా అంటే ఏంటి పాషా గారూ?"

"ఏముంది మేడం. నోట్లో చుక్క పెట్టనోడు మాకు వైన్ పాఠాలు చెప్తాడా అన్న్యాడు ఆ సారు. రెండో గ్లాసు తర్వాత తాగినోడి మాట ఎవరు నమ్ముతారు సార్ అన్నా నేను. అందరూ నవ్వినారు. ఆయనా నవ్వినాడు. అంతే."

"దానికి మనిషిని చంపుతారా?" అన్నాను హేమచంద్రతో.

"చంపాలనుకోకపోవచ్చు. బుద్ధి చెప్దామనుకున్నాడేమో. డోస్ ఎక్కువైంది."

"కప్పు దొరికిందా?"

"ఎస్టేట్ చెత్తబుట్టలో పడింది, సోమవారం చెత్త లారీ పట్టుకుపోయింది."

"అంటే నీ చేతిలో కప్పు లేదు. ముట్టని చాయ్ ఒక్కటే ఉంది. దాంతో మనిషిని జైలుకి పంపుతావా? నేను బతికుండగా కాదు!"

అక్కణ్నుంచి విసవిసా వైనరీ లోపలికి వెళ్లాను. ఆదివారం వీళ్లకి వైన్ పోసిన మనిషి చైత్ర, వరంగల్ అమ్మాయి. ఇక్కడే వైన్ చదువు చదివి నాలుగేళ్లుగా ఈ ఎస్టేట్‌లోనే ఉంది. కౌంటర్ వెనక గ్లాసులు తుడుస్తోంది.

"మీరు పాషాన్న మనిషా, ఆయన మీద కేసు పెట్టెటోళ్ల మనిషా?" అంది మొదటే.

"పాషా మనిషినే. విజయభాస్కర్ ఎంత తాగాడు?"

"మస్తు తాగిండు మేడం. అయిదు రకాలు పోసిన. రుచి చూసి ఉమ్మెయ్యనీకి బకెట్ పెడ్తం గద, మనోళ్లు ఉమ్మరు. పైసలిచ్చినంక ఉమ్ముడేందని మింగుతరు. ఆ సారైతే పక్కోళ్ల గ్లాసులు గూడ ఖాళీ చేసిండు. మీద నుంచి ఇంట్లకెల్లి తెచ్చిన కారప్పూస. నీళ్లు, నీళ్లు అని ఒక్కటే అడుగుడు."

"చాయ్ తాగాక మగతగా ఉన్నాడా?"

"ఏం లేదు. రెండు దాటినంక గూడ నాతోటి మంచిగనే మాట్లాడిండు. రెండు డబ్బాల వైన్ కొన్నడు, బిల్లు మీద పేరు తప్పు పడిందని లొల్లి చేసిండు. రెండుంబావుకు సంతకం పెట్టిండు, చూడుండ్రి."

కంప్యూటర్‌లో చూపించింది. రెండూ పదహారు. చాయ్ తాగిన ముప్పై ఆరు నిమిషాల తర్వాత, గుండ్రంగా, గీతలో పెట్టిన సంతకం. అంత మోతాదు, అంత వైన్ మీద మింగినవాడి చెయ్యి అలా ఆడదు. చాయ్ కాదు. చాయ్ తర్వాత ఇంకేదో నోట్లోకి వెళ్లింది.

"పాషా ఇక్కడ ఏం తిన్నాడు?"

"ఏం తినలే. డ్రైవర్లకు లంచ్ మేమే పెడ్తం. ఇంటికెల్లి డబ్బా తెచ్చుకున్న అన్నడు. నీళ్లిస్త అన్న, ఒద్దన్నడు. మొకం గుంజుకపోయింది, బీపీ ఏమన్న తక్కువైందా అన్న అని గూడ అడిగిన."

"ఇంకెవరైనా కొత్తగా కనిపించారా? ఎవరైనా బస్సు దగ్గరకి వెళ్లడం?"

"కొత్తోళ్లు ఎవ్వరు లేరు. ఫహద్ ఒక్కడే బస్సుల సామాన్లు సర్దిండు. రెండూ అయిదుకు ట్యాక్సీల పోయిండు, దోస్తు బర్త్‌డే ఉందట."

టైములన్నీ రాసుకుని బయటికొచ్చాను. బస్సు తాళం అడిగితే హేమచంద్ర నవ్వాడు. "అన్నీ లిస్ట్ చేసేశాం మేడం. మిగిలిందేం లేదు."

"నీ లిస్టు నువ్వు ఉంచుకో. నా కళ్లతో నన్ను చూసుకోనీ."

డ్రైవర్ తలుపు తియ్యగానే గుప్పున పులిసిన వాసన. సీటు కింద స్టీలు టిఫిన్ క్యారియర్. మూత తీశాను. అన్నం, దాల్చా, పైన తెల్లగా బూజు. ఒక్క ముద్ద కూడా తీసిన గుర్తు లేదు. డాష్‌బోర్డ్ గూట్లో ఖర్జూరాల ప్యాకెట్, సీలు కూడా విప్పలేదు. పక్కన చిన్న కాగితం మీద పెన్సిల్‌తో అయిదు గీతలు. ఆ కాగితాన్ని తిరగేసి చూశాను, వెనక ఏమీ లేదు.

చాయ్ తాగలేదు. సరే. అన్నమూ తినలేదు. నీళ్లిస్తానన్నా వద్దన్నాడు.

రంజాన్ అయిపోయి మూడు వారాలు దాటింది, అందుకే ఈ ఆలోచన ఎవరికీ రాలేదు. నాకు మాత్రం ఒంగోల్లో మా పక్క వాటాలో ఉండే జుబేదా పిన్ని గుర్తొచ్చింది. పండగ అయిపోయాక మళ్లీ ఆరు రోజులు రోజాలుండేది. పుణ్యం ఎక్కువని చెప్పేది. సాయంత్రం ఆమె ఉపవాసం విడిచే వేళకి మా అమ్మ నా చేత అరటిపళ్లు పంపించేది.

పాషాని బస్సు వెనక్కి, హేమచంద్రకి వినపడనంత దూరం తీసుకెళ్లాను.

"ఆదివారం మీరు రోజాలో ఉన్నారు. అవునా, కాదా?"

అతను చటుక్కున హేమచంద్ర ఉన్నవైపు తొంగి చూశాడు. "మేడం, మెల్లగా..."

"మెల్లగా ఏంటయ్యా! మీరు తాగని చాయ్ పట్టుకుని మిమ్మల్ని జైల్లో పెడుతుంటే, రోజాలో ఉన్నానని ఒక్క ముక్క చెప్పడానికి నోరు రాలేదా?"

"చెప్తే లైసెన్స్ పోతుంది మేడం." పాషా తల రెండు చేతులతో పట్టుకున్నాడు. "నాకు షుగరుంది. వేళకు తింటా, వేళకు మాత్రలేసుకుంటా అని సంతకం పెట్టి తెచ్చుకున్న్యా బస్సు లైసెన్స్. రంజాన్‌లో గూడా ఉండొద్దన్న్యాడు డాక్టరు. ఫహ్మీదా ఒట్టు పెట్టించుకుంది. పండగ తర్వాత ఆరు రోజాలన్నా ఉందామని మనసు పీకింది. ఇంట్లో చెప్పలా. తెల్లారకముందే బస్సు కడగాలని వచ్చేసి, బస్సులోనే పెరుగన్నం తినేటోణ్ని. అయిదు అయినాయి. ఆదివారందే ఆఖరుది. పదిమందిని ఎక్కించుకుని షుగరు పెట్టుకుని పస్తుతో నడిపినా అని తెలిస్తే నన్ను మళ్లా స్టీరింగ్ ముట్టనిస్తారా?"

"తప్పే చేశారు. పెద్ద తప్పు. కానీ జైలుకెళ్లేంత తప్పు కాదు," అన్నాను. కోపమూ వచ్చింది, జాలీ వేసింది. "ఇప్పుడైనా నిజం చెప్పండి. బస్సు కదిలాక విజయభాస్కర్ ఏం తాగాడు?"

"నీళ్లు. ఎక్కిన అయిదు నిమిషాలకే, రెండూ ఇరవై అయిదుకు, భాయ్ నీళ్లు అన్న్యాడు. ఆయన బాటిల్ అయిపోయింది. నా తలుపులో నా బాటిల్ ఉండె, నిండుగా. నేను తాగేది లేదు గదా. వెనక్కిచ్చినా. బస్సు మలుపులో సగం చొక్కా మీద పోసుకున్న్యాడు పాపం."

"ఇది పోలీసులకి చెప్పలేదా?"

"అన్నం తిన్నాక గూడా నీ బాటిల్ నిండుగా ఎట్లుందప్పా అని అడగరా? ఉత్త నీళ్లే గదా అని ఊరుకున్నా."

నాకు కాళ్లలో ఎక్కడలేని బలం వచ్చింది. తిరిగి హేమచంద్ర దగ్గరకి వెళ్లాను.

"బస్సులో నీకు దొరికిన నీళ్ల బాటిళ్లెన్ని?"

"పదకొండు. పదింటి మీద మార్కర్‌తో గెస్టుల పేర్లు. ఒకరి ఎంగిలి ఒకరు తాగరు కదా, అందుకని పేర్లు రాస్తారట. పదకొండోది పేరు లేనిది, విజయభాస్కర్ సీటు కింద దొరికింది. సగం ఖాళీ."

"అది పాషా బాటిల్. విజయభాస్కర్ తాగింది దాంట్లోంచే. దాంట్లో ఏముందో టెస్ట్ చేయించావా?"

"అక్కర్లేదు మేడం." హేమచంద్ర ఫైల్లో ఓ పేజీ తీసి నా మొహం మీదకి చాపాడు. "పదకొండు మూతులూ మా ల్యాబ్ చూసింది. పదింటి మీద సలైవా ఉంది. ఈ పదకొండోదాని మీద ఎవరిదీ లేదు. క్లీన్. అంటే ఎవరూ తాగలేదు. చేతులు కడుక్కోడానికి వాడుంటారు. సైన్స్ అబద్ధం చెప్పదు, మీ పాషా చెప్తున్నాడు."

"ఎవరూ తాగలేదా?"

"ఛాన్సే లేదు. ఎన్ని సార్లు చెప్పాలండీ మీకు? మీ ఒంగోలు రోజులు కావివి!"

అరిచి అరిచి వాడి గొంతు ఎండిపోయింది, దగ్గు తెరలు తెరలుగా వచ్చింది. నా సంచిలోంచి నీళ్ల బాటిల్ తీసి చేతికిచ్చాను. "ముందు నీళ్లు తాగు నాయనా. తర్వాత తిడుదువుగాని."

వాడు మూత తిప్పాడు. తల వెనక్కి వాల్చి, బాటిల్ జానెడు పైకెత్తి, గటగటా నాలుగు గుక్కలు గొంతులో పోసుకున్నాడు. రెండు చుక్కలు టై మీద పడ్డాయి. మూత పెట్టి నాకు తిరిగిస్తూ, "థాంక్స్" అన్నాడు.

నేను బాటిల్ తీసుకోలేదు.

"దాని మూతిని కూడా మీ ల్యాబుకి పంపు. నీ ఉమ్మి దొరుకుతుందేమో చూద్దాం."

హేమచంద్ర చేతిలో బాటిల్ అలాగే ఉంది. టై మీద తడి చూసుకున్నాడు. బాటిల్ చూసుకున్నాడు. వాడి చెవులు ఎర్రబడటం నేను కళ్లారా చూశాను. ఇంత తృప్తి నాకు ఈ మధ్య కాలంలో కలగలేదు.

"మన బాటిలైతే మూతి పెట్టుకుంటాం. ఎదుటివాళ్లదైతే ఎత్తి పోసుకుంటాం. మీ అమ్మ నీకు నేర్పింది, సూటేసుకున్నా పోలేదు. ల్యాబులో కూర్చున్న తెల్లమ్మాయికి ఇది తెలియకపోవచ్చు. నీకు తెలియదా? ఇంకా రుజువు కావాలా? సృజన స్టేట్‌మెంట్ తియ్యి. మొగుడి చొక్కా గురించి ఏమందో చదువు."

వాడు పేజీలు తిప్పాడు. గొంతు తగ్గింది. "షర్ట్ ముందంతా తడిసి ఉంది... చెమట అని రాశాను నేను."

"ఏప్రిల్ నెల చలిలో చెమట! ఏదీ, ఆ బాటిల్ తియ్యి."

కారు డిక్కీలోంచి ప్లాస్టిక్ సంచిలో బాటిల్ తెచ్చాడు. కదపకుండా ఎండకి ఎదురుగా పట్టుకోమన్నాను. ముగ్గురం వంగి చూశాం. సగం నీళ్లు. అడుగున, అంచు వెంబడి, సుద్దముక్క అరగదీసినట్టు తెల్లటి పొడి పేరుకుని ఉంది.

"ఓ మై గాడ్," అన్నాడు హేమచంద్ర.

దేవుణ్ని తలుచుకుంటున్నట్టు పాషా పెదాలు కదిలాయి.

"ఇప్పుడు ఆలోచించు," అన్నాను. "విజయభాస్కర్‌కి మందు పెట్టాలనుకున్నవాడు నీళ్లలో ఎందుకు పెడతాడు? ఆ మనిషి పొద్దున్నుంచి వైన్‌లో మునిగి తేలుతున్నాడు, ఏదో ఒక గ్లాసులో కలిపితే సరిపోయేది. ఆ రోజు బస్సులో వైన్ ముట్టకుండా నీళ్ల మీదే ఉండే పెద్దమనిషి డ్రైవర్ ఒక్కడే. బాటిల్ మీద పేరు లేదెందుకు? డ్రైవర్ బాటిల్ కాబట్టి. ఇది పాషా కోసం కలిపింది హేమచంద్రా. ఆయన రోజాలో ఉన్నాడు కాబట్టి ముట్టలేదు. ఉండకపోతే ఘాట్ రోడ్డు మలుపుల్లో, పదిమందిని వెనక కూర్చోబెట్టుకుని, స్టీరింగ్ మీద నిద్రపోయేవాడు."

హేమచంద్ర బస్సు మెట్టు మీద కూలబడ్డాడు. "రోజాలో ఉన్నాడా? అందుకా చాయ్... ఆ మాట ముందే..." వాడు ఫైలు మూసేశాడు. "నాకీ చాయ్ సంగతి చెప్పింది అసలు ఆయన బామ్మర్దే మేడం. మొదటి కప్పు ఎప్పుడూ బావదే, ఆ రోజెందుకో తాగలేదని ఫహదే చెప్పాడు."

నేను పాషా వైపు తిరిగాను. అడగాలనిపించలేదు. అయినా అడగాలి.

"మీ తలుపులో బాటిల్ పెట్టేదెవరు?"

పాషా బస్సు అద్దాన్ని చేత్తో తుడుస్తూ నిలబడ్డాడు. దుమ్మేమీ లేదు దాని మీద.

"పాషా గారూ."

"ఫహద్," అన్నాడు చివరికి. "లంచ్ టైములో అందరి బాటిళ్లూ వాడే మారుస్తాడు. నడిపేటప్పుడు ఒక చేత్తో తీసుకోవాలని నాది మూత తిప్పి, వదులుగా పెడతాడు."

"రెండూ అయిదుకి ఎందుకు దిగిపోయాడు?"

"తలనొప్పి, ఇంటికి పోయి పడుకుంటా అన్న్యాడు."

"చైత్రకి ఫ్రెండ్ బర్త్‌డే అని చెప్పాడు."

పాషా కళ్లు మూసుకున్నాడు. "పోయిన నెల తాగి బస్సు నడపబోతే గెస్టుల ముందరే తాళాలు లాక్కున్న్యా మేడం. ఇంకోసారి స్టీరింగ్ పట్టుకుంటే ఇండియా పంపిస్తా అని అరిచినా. నలుగురి ముందర అట్లా అనకుండా ఉండాల్సింది. వాడికి నేనే వీసా తెప్పించినా. ఇంట్లో నా పక్కనే కూర్చుని తింటాడు." ఒక్కసారిగా నా చేతులు పట్టుకున్నాడు. "ఈ బాటిల్ సంగతి వదిలేయండి మేడం. మీ కాళ్లు పట్టుకుంటా. నాలుగింటికి నేనే పోయి, చాయ్‌లో నేనే కలిపినా అని చెప్తా. ఫహ్మీదాకు అమ్మానాన్న లేరు, వాడొక్కడే తమ్ముడు. నా వల్ల వాడు జైలుకు పోతే దాని మొఖం నేనెట్లా చూడాల?"

"మీరు జైలుకి పోతే చూడగలరా? ఐసీయూలో ఉన్నాయన భార్య మొహం చూడగలరా? బస్సులో సీట్లో నిలబడి పాటలు పాడిన ఆ పిల్లలిద్దరూ ఎవరి పిల్లలు?" నా గొంతు కార్ పార్కంతా వినపడింది. "నేను రాయక మానను పాషా గారూ. మీరు నన్ను తిట్టుకున్నా సరే."

అతను జవాబు చెప్పేలోపు గేటు దగ్గర తెల్ల వ్యాన్ మలుపు తిరిగింది. అప్పటికి మూడు దాటింది, బావగారిని స్టేషన్‌కి దిగబెట్టడానికి ఫహద్ వచ్చాడు. ముప్పై ఏళ్లుంటాయి. శుభ్రంగా గడ్డం దువ్వుకుని, నీలం చొక్కా వేసుకున్నాడు. వ్యాన్ దిగి నాకు సలాం చేశాడు.

"చలో దూల్హాభాయ్, లేటవుతుంది."

పాషా అడుగు కదపలేదు. "ఫహద్, ఆదివారం నేను రోజాలో ఉండినారా. పొద్దున్నుంచి నీళ్లు గూడా తాగలా."

ఫహద్ చెయ్యి వ్యాన్ తలుపు మీద ఆగిపోయింది. మా ముగ్గురినీ వరసగా చూశాడు. హేమచంద్ర చేతిలోని ప్లాస్టిక్ సంచి మీద చూపు పడి, వెంటనే పక్కకి తప్పుకుంది. ఏడుస్తాడనుకున్నాను. కాళ్ల మీద పడతాడనుకున్నాను. పాషా కూడా అదే అనుకున్నట్టున్నాడు, పట్టుకోవడానికి చెయ్యి ముందుకు చాచాడు.

ఫహద్ రెండడుగులు దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "ఆ మాట స్టేషన్లో అనొద్దు దూల్హాభాయ్. షుగర్ పెట్టుకుని రోజాతో బస్సు నడిపినా అంటే లైసెన్స్ పీకేస్తారు. ఫహ్మీదా ఆపాకు తెలిస్తే ఎంత ఏడుస్తుంది! వాళ్లు చాయ్ సంగతే అడుగుతారు. పొరపాటున ఆపా మాత్రలు కలిసినాయి అని చెప్పేయండి. ఏదో కొన్నాళ్లు. ఆపాను, టూర్లను నేను చూసుకుంటా కదా."

పాషా చాచిన చెయ్యి కిందికి దించాడు. వాడి మొహంలోకి చూశాడు. మూడు రోజులుగా వంగి ఉన్న మెడ నిటారుగా లేచింది.

"మేడం, రాసుకోండి," అన్నాడు.

నేను నోట్‌బుక్ తియ్యకముందే హేమచంద్ర మెట్టు మీంచి లేచాడు. తన ఫైలు తిరగేసి, వెనక తెల్లకాగితం మీద పెన్ను పెట్టాడు. "చెప్పండి పాషా గారూ. నేను రాస్తాను."

"నా పేరు షేక్ మహబూబ్ పాషా. మొన్న ఆదివారం నేను రోజాలో ఉండి బస్సు నడిపినా. దానికి నా లైసెన్స్ పోతే పోనీ, దాచేది లేదు. రెండూ ఇరవై అయిదుకు విజయభాస్కర్ సారు నీళ్లు అడిగితే నా బాటిల్ ఇచ్చినా." ఊపిరి కోసం ఆగాడు. ఫహద్ ఒక్కో అడుగే వెనక్కి వేస్తున్నాడు. పాషా కళ్లు వాణ్ణి వదల్లేదు. "ఆ బాటిల్ నా తలుపులో పెట్టింది ఫహద్. నా భార్య తమ్ముడు."